మీకు తెలుసా? బాయి చీకటి, వెలుగు మ్యూజియం

మంచిర్యాలలో మా వీధి చివర ఒక పెద్దాయన ఉంటారు. ముప్పై ఏళ్లకు పైగా భూగర్భ గనుల్లో చేసి, ఓవర్‌మన్‌గా రిటైరయ్యారు. మొన్న సాయంత్రం ఆయనకు నా ఫోన్లో ఒక వీడియో చూపించాను. టోక్యోలో టీమ్‌ల్యాబ్ అనే కళాకారుల బృందం నడిపే వెలుగుల మ్యూజియం అది. నల్లటి గదులు, గోడల మీద పూసి నేల మీదికి రాలే వెలుగు పూలు, మనిషి వెళ్లి నిలబడితే అతన్ని తప్పించుకుని రెండు పాయలుగా పారే వెలుగు జలపాతం. ఆయన కళ్లద్దాలు సర్దుకుని చివరిదాకా చూశారు. "మంచిగున్నది బిడ్డా. అయితే అది చీకటి గాదు. బాయిల టోపీ లైటు బంద్ జేసుకొని కూసుంటే ఎరుకైతది చీకటంటే" అన్నారు.

ఆ మాట పట్టుకునే ఈసారి మీ ముందుకొచ్చాను. వెలుగుతో బొమ్మ కట్టేవాళ్లకు మొదట కావలసింది చీకటి. దీపం తర్వాత వస్తుంది. ఆ చీకటి సంగతి మందమర్రి నుంచి గోదావరిఖని దాకా ఉన్న బాయి (బొగ్గు గని) మనుషులకు తెలిసినంతగా తెలిసినవాళ్లు లోకంలో తక్కువ. ఇలాంటి మ్యూజియానికి వెళ్లే అవకాశం ఎప్పుడైనా వస్తే కొత్త చోటికి పోతున్నామన్న బెరుకు మనకు అక్కర్లేదు.

◆ కేవలం వెలుగు కళ కోసమే పెట్టిన మ్యూజియం ఒకటి బొగ్గు పట్టీలోనే ఉంది. జర్మనీలోని రూర్ ప్రాంతం తూర్పు అంచున ఊన్నా అనే పట్టణంలో, మూతబడిన లిండెన్ బీరు కర్మాగారం నేలమాళిగల్లో అది 2001లో తెరుచుకుంది. నేలకు పది మీటర్ల లోతున, ఒకప్పుడు బీరు పులియబెట్టిన గదులవి. జేమ్స్ టరెల్, ఓలాఫుర్ ఎలియాసన్, రెబెకా హార్న్, క్రిస్టియాన్ బోల్టాన్‌స్కీ వంటి కళాకారులు తలా ఒక గది తీసుకుని, ఆ గది గోడలకూ తేమకూ చల్లదనానికీ తగ్గట్టు వెలుగును అమర్చారు. చిత్రపటంలా ఊడదీసి ఇంకో చోట తగిలించడం కుదరదు.

ఎలియాసన్ చేసిన నడవా ఒకటి ఉంది. రెండు వైపులా పైనుంచి నీళ్లు కారుతుంటాయి. స్ట్రోబ్ దీపాలు టపటపా వెలిగి ఆరుతుంటే, పడుతున్న చుక్కలన్నీ గాల్లో ఆగిపోయి వేలాడుతున్నట్టు కనిపిస్తాయి. పైకప్పు నుంచి నీళ్లు కారే గ్యాలరీల్లో టోపీ లైటు వెలుగులో చుక్కలు మెరవడం మన కార్మికులు రోజూ చూసిందే. ఆ మెరుపును ఆపి చూపించాలన్న ఆలోచన ఆ కళాకారుడికి వచ్చింది.

ఆ మ్యూజియం పాత చిమ్నీ మీద మారియో మెర్జ్ అనే ఇటలీ కళాకారుడు 1, 1, 2, 3, 5, 8 అంటూ సాగే ఫిబొనాచ్చి సంఖ్యలను నీలి కాంతితో వెలిగించాడు. ఇక్కడ ఒక్క మాట చెప్పకుండా ఉండలేను. ఫిబొనాచ్చి తన పుస్తకం రాసింది 1202లో. అంతకు ముందే మన ఛందశ్శాస్త్రకారులు విరహాంకుడు, హేమచంద్రుడు ఈ లెక్క తేల్చారు. లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు. మరి ఇన్ని మాత్రల పాదాన్ని ఎన్ని రకాలుగా పేర్చవచ్చు? జవాబులు వరుసగా 1, 2, 3, 5, 8. జర్మనీ బొగ్గు పట్టీలో ఒక పొగగొట్టం మీద రాత్రంతా వెలిగేది, ఒక రకంగా, మన ఛందస్సు లెక్కే.

◆ రూర్‌లో చివరి రాతిబొగ్గు గని ప్రాస్పర్ హానియెల్ 2018 డిసెంబరు 21న మూతబడింది. ఆ రోజు కార్మికులు చివరి బొగ్గు పెళ్లను పైకి తెచ్చి దేశాధ్యక్షుడు స్టైన్‌మయర్ చేతుల్లో పెట్టారు. అదే ప్రాంతంలో 1986లో ఆగిపోయిన జోల్‌ఫరైన్ గని ఇప్పుడు యునెస్కో వారసత్వ కట్టడం. బొగ్గు కడిగే ప్లాంటు మ్యూజియమైంది. దాని మెట్లు లోపలి నుంచి ఎర్రగా, కరిగిన ఇనుము జారుతున్నట్టు వెలుగుతాయి. ఓబర్‌హౌజెన్‌లో 117 మీటర్ల ఎత్తున్న గ్యాసు ట్యాంకు ఒకటి 1994 నుంచి ప్రదర్శనశాలగా ఉంది. దాని కడుపులో పెద్ద గోళం వేలాడదీసి, దాని మీద ఉపగ్రహ చిత్రాలతో భూమిని తిప్పి చూపించారు.

◆ చీకటికి రంగుంది. ఒక్క వెలుగు రేణువు కూడా లేనిచోట కళ్లు తెరిస్తే మనకు కనిపించేది నలుపు కాదు, ఒక రకం ముదురు బూడిద రంగు. దానికి జర్మన్ భాషలో పేరు కూడా ఉంది: ఐగెన్‌గ్రౌ, అంటే కంటి సొంత బూడిద రంగు. వెలుగు లేకపోయినా రెటీనాలోని నాడులు ఊరుకోవు, సన్నగా సంకేతాలు పంపుతూనే ఉంటాయి. ఇంకా ఎక్కువసేపు కూర్చుంటే ఆ బూడిదలో చుక్కలు, మెరుపులు, ఆకారాలు కదులుతాయి. చీకటి కొట్లలో బంధించినవాళ్లకు కనబడుతుందని దాన్ని ఖైదీల సినిమా అంటారు. గనుల్లో చిక్కుపడ్డవాళ్లు దూరాన దీపం కనిపించిందని చెప్పిన కథలు బొగ్గు ప్రాంతాల్లో వింటుంటాం. వాళ్లు అబద్ధం చెప్పలేదు. వాళ్ల కన్ను వాళ్లకు నిజంగానే దీపం చూపించింది.

టరెల్ చేసిన కొన్ని చీకటి గదుల్లో చూపరిని కుర్చీలో కూర్చోబెట్టి వదిలేస్తారు. మొదటి కొన్ని నిమిషాలు ఏమీ కనపడదు. తర్వాత మెల్లగా ఒక వెలుగు మబ్బు తేలుతుంది. అది ఎదుట ఉందా, మన కంట్లో ఉందా అన్నది తేల్చుకోవడమే ఆ కళ. ఓపిక లేనివాళ్లు ఏమీ లేదనుకుని లేచి వెళ్లిపోతారు.

◆ ఎందుకంత సేపు? పగటి వెలుగులో ఉన్న కన్ను పూర్తి చీకటికి అలవాటు పడటానికి అరగంట, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. రెటీనాలోని రోడాప్సిన్ అనే రసాయనం మళ్లీ నిండాలి. ఒక్క వెలుగు పోటు తగిలితే ఆ పొదుపంతా క్షణంలో ఖర్చయిపోతుంది. బాయిలో ఎదుటివాడి ముఖం మీద టోపీ లైటు కొట్టకూడదన్న మర్యాద ఇందుకే వచ్చింది. మాట్లాడేటప్పుడు తల కొంచెం పక్కకు వంచుతారు. మా పెద్దాయన ఇప్పటికీ, పగటిపూట కూడా, మాట్లాడుతూ తల పక్కకు వంచుతారు. ఎందుకో ఇన్నాళ్లూ నాకు తెలియలేదు.

అలా సిద్ధపడ్డ కన్ను ఎంత సున్నితమైనదో 1942లో హెక్ట్, ష్లేర్, పిరెన్ అనే ముగ్గురు కొలిచారు. రెటీనాలో ఐదు నుంచి పద్నాలుగు దాకా వెలుగు రేణువులు పట్టుబడితే చాలు, మనిషి "మెరిసింది" అంటాడు.

◆ దీపమే ప్రాణం తీసిన రోజులున్నాయి. మీథేన్ గాలిలో సుమారు 5 నుంచి 15 శాతం మధ్య కలిస్తే నిప్పురవ్వ చాలు, పేలుతుంది. చీకట్లో బొగ్గు తవ్వాలంటే దీపం కావాలి, దీపం పెడితే గని పేలుతుంది. ఈ చిక్కులోంచి బయటపడటానికి ఇంగ్లండు గనుల్లో కుళ్లుతున్న చేపల తోలు వెదజల్లే మసక కాంతిలో పని చేసి చూశారు. చెకుముకి రాయి మీద ఉక్కు చక్రం రాపాడించి, ఆ రవ్వల వెలుగులో తవ్వారు. రవ్వలకు గ్యాసు అంటుకోదనుకున్నారు. అంటుకుంది. 1812లో ఫెల్లింగ్ గని పేలి 92 మంది చనిపోయారు. వాళ్లలో పిల్లలు చాలామంది.

ఆ తర్వాతే శాస్త్రవేత్త హంఫ్రీ డేవీని అడిగారు. ఆయన 1815లో తెచ్చిన జవాబు చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. మంట చుట్టూ ఇనుప తీగ జల్లెడ. అంగుళానికి 28 తీగలు, అంటే చదరపు అంగుళంలో 784 రంధ్రాలు. గ్యాసు లోపలికి వస్తుంది, లోపలే మండుతుంది. కానీ తీగలు వేడిని లాగేసుకోవడం వల్ల మంట రంధ్రం దాటి బయటికి రాలేదు. వెలుగుకు దారి ఉంది, మంటకు లేదు. డేవీ దీనికి పేటెంట్ తీసుకోలేదు. జార్జ్ స్టీఫెన్సన్ కూడా అదే ఏడాది తన సొంత పద్ధతిలో ఇలాంటి దీపం చేశాడు.

నేను మురిసిపోయేది ఆ దీపం చేసే రెండో పనికి. వత్తి తగ్గించి చూస్తే, గాలిలో మీథేన్ ఉన్నచోట పసుపు మంట మీద సన్నటి నీలి టోపీ లేస్తుంది. గ్యాసు పెరిగేకొద్దీ టోపీ ఎత్తు పెరుగుతుంది. ఆక్సిజన్ తగ్గినచోట మంట కుంగి ఆరిపోతుంది. వెలుతురిచ్చే దీపమే గాలిని చదివి చెబుతోందన్నమాట. మన దగ్గర సర్దార్లు, ఓవర్‌మన్‌లు గ్యాస్ టెస్టింగ్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలంటే ఆ నీలి టోపీని కంటితో పట్టుకోవడం రావాలి. గాలిలో మీథేన్ 1.25 శాతం దాటితే అక్కడ కరెంటు తీసేయాలని నిబంధన. డిజిటల్ మీటర్లు వచ్చాక పని తేలికైంది, సంతోషం. అయినా నన్నడిగితే, వెలుగు కళ చరిత్ర రాసేవాళ్లు మొదటి పేజీలో పెట్టవలసింది ఈ వేలెడంత నీలి మంటనే. అది అందం కోసం పుట్టలేదు. పక్కవాడి ప్రాణం కోసం మంట రంగును అంత శ్రద్ధగా చూసిన మనుషులు ఇంకెక్కడున్నారు?

◆ బ్యాటరీతో నడిచే టోపీ లైటును అమెరికాలో 1910లలో ఎడిసన్ తీర్చిదిద్దాడు. మన గనుల్లో నడుముకు కట్టుకునే బరువైన బ్యాటరీ, అక్కడి నుంచి వీపు మీదుగా టోపీ దాకా వైరు, నుదుటి మీద దీపం. ఇప్పుడు ఎల్ఈడీలు, తేలికపాటి లిథియం బ్యాటరీలు వచ్చాయి. షిఫ్టు మొదట్లో ల్యాంప్ రూమ్‌లో నంబరు చెప్పి లైటు తీసుకోవడం, పైకొచ్చాక అదే గూట్లో చార్జింగుకు పెట్టడం. షిఫ్టు అయిపోయాక ఏదైనా గూడు ఖాళీగా ఉందంటే ఒక మనిషి ఇంకా కిందే ఉన్నాడని అర్థం.

◆ డేవీ ఇంకో దీపం కూడా చూపించాడు. రెండు కర్రబొగ్గు పుల్లలను దగ్గరగా పెట్టి కరెంటు పంపితే మధ్యలో కళ్లు చెదిరే తెల్లటి వెలుగు వంతెన లేచింది. అదే ఆర్క్ దీపం. మన సినిమా హాళ్లలో జినాన్ దీపాలు వచ్చేదాకా ప్రొజెక్టర్లలో మండింది ఆ కార్బన్ పుల్లలే. ఆపరేటర్ క్యాబిన్‌లో కూర్చుని, పుల్లలు అరిగేకొద్దీ దగ్గరకు జరుపుతూ ఉండేవాడు. కాస్త ఏమరిస్తే తెర మసకబారేది, హాలంతా ఈలలు. బొగ్గు బెల్టులో డ్యూటీ దిగి సెకండ్ షోకు వెళ్లినవాళ్లు, తెర మీద ఎన్టీఆర్‌నూ ఏఎన్నార్‌నూ చూసింది కార్బన్ వెలుగులోనే. ఎడిసన్ 1879లో వెలిగించిన బల్బులోనూ ఉన్నది కార్బనే. ముందు మాడ్చిన నూలు దారం, ఆ తర్వాత జపాన్ నుంచి తెప్పించిన వెదురు.

◆ బొగ్గుతో ఇల్లు వెలిగించిన మొదటివాళ్లలో విలియం మర్డాక్ ఒకడు. 1792లో ఇంగ్లండులోని రెడ్రూత్‌లో బొగ్గును కాచి, వచ్చిన గ్యాసును గొట్టాల్లో నడిపి తన ఇంట్లో దీపాలు పెట్టాడు. ఆ గ్యాసు తీసేటప్పుడు మిగిలే నల్లటి తారును చాలాకాలం పారేశారు. 1856లో పద్దెనిమిదేళ్ల విలియం పెర్కిన్ మలేరియా మందు క్వినైన్ చేయబోయి, ఆ తారు సరుకులోంచి అనుకోకుండా ఊదా రంగు తీశాడు. తొలి కృత్రిమ అద్దకపు రంగుల్లో పేరు మోసింది అదే. నల్లటి సరుకులోంచి ఊదా రంగు! కోకల మీద, కాగితాల మీద ఆ తర్వాత వచ్చిన వందల రంగులకు అదే దారి చూపింది.

◆ బొగ్గు ఎంత పండిందన్న సంగతిని వెలుగుతోనే కొలుస్తారు. బొగ్గు ముక్కను నున్నగా మెరుగుపెట్టి, నూనె చుక్క వేసి, సూక్ష్మదర్శిని కింద 546 నానోమీటర్ల ఆకుపచ్చ కాంతి పంపుతారు. విట్రినైట్ అనే భాగం ఆ కాంతిలో ఎంత శాతం తిప్పి పంపుతుందో దాన్ని బట్టే బొగ్గు ర్యాంకు చెబుతారు. మెరుపు ఎక్కువైతే బొగ్గు ఎక్కువ పండినట్టు. నలుపులో ఎంత వెలుగు దాగుందన్నదే ఈ కొలత.

◆ మన బొగ్గు నిజానికి పాత ఎండ. 25 కోట్ల ఏళ్లకు మునుపు గ్లాసోప్టెరిస్ వంటి చెట్లు ఆకులతో పట్టుకున్న సూర్యకాంతి బురదలో కూరుకుపోయి, ప్రాణహిత, గోదావరి లోయలో బొగ్గు పొరలైంది. ఈ రాతి పొరలకు గోండ్వానా అని పేరు. ఈ అడవుల్లో, ఈ నది ఒడ్డున రాజ్యాలేలిన గోండుల పేరది. దక్షిణ ఖండాలన్నీ కలిసి ఉన్న కాలపు మహాఖండానికి లోకమంతా ఆ పేరే వాడుతోంది. ఆస్ట్రేలియా, అంటార్కిటికా పాఠాల్లో మన గోండుల పేరు చదువుతారంటే ఒళ్లు పులకరిస్తుంది నాకు. ఇక్కడి బొగ్గు కథలో మనుషుల భాగం చాలా చిన్నది. జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గు కనిపెట్టింది 1871లో, హైదరాబాద్ దక్కన్ కంపెనీ వచ్చింది 1886లో, సింగరేణి కాలరీస్ అన్న పేరు పెట్టింది 1920 డిసెంబరు 23న.

ఇదే లోయలో, పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన డైనోసార్‌కు కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టారు. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్లో నిలబడి ఉంది. అది ఉన్న నౌబత్ పహాడ్ గుట్ట మీదే, 1985లో అప్పటి ముఖ్యమంత్రి ఎన్టీఆర్ ప్రారంభించిన బిర్లా ప్లానెటేరియం ఉంది. మనిషిని చుట్టేసే వెలుగు ప్రదర్శనలు ఈ మధ్యే పుట్టాయని అనుకుంటాం గానీ, గుమ్మటం కింద కూర్చోబెట్టి ఆకాశాన్ని వెలుగు చుక్కలతో కట్టి చూపించడం జర్మనీలో 1923లోనే మొదలైంది. మన పిల్లల్లో చాలామంది చూసిన మొదటి వెలుగు మ్యూజియం నౌబత్ పహాడ్ మీది ఆ గుమ్మటమే. మీ పిల్లల్ని తీసుకెళ్తే డైనోసార్ దగ్గర ఆగి, "ఇది మన దిక్కుదే" అని చెప్పండి.

◆ ఫ్రాన్స్‌లోని లే బో అనే కొండ ఊళ్లో పాత సున్నపురాయి క్వారీ ఒకటుంది. రాయి తవ్వేశాక మిగిలిన ఎత్తైన చదును గోడలు, చల్లటి చీకటి. 1970లలో ఆల్బర్ ప్లెసీ అనే ఫొటోగ్రాఫర్ ఆ గోడల మీద బొమ్మలు ప్రసారం చేయడం మొదలుపెట్టాడు. 2012 నుంచి కారియేర్ ద ల్యూమియేర్, అంటే వెలుగుల క్వారీ అనే పేరుతో వాన్ గో, క్లిమ్ట్ వంటివారి చిత్రాలు ఆ గోడల నిండా, నేల నిండా పారుతున్నాయి. అల్యూమినియం ఖనిజం బాక్సైట్‌కు ఆ పేరు వచ్చింది కూడా ఈ ఊరి పేరు మీదే. దాన్ని నడిపే సంస్థే 2018లో పారిస్‌లో పాత పోత కర్మాగారంలో ఇంకొకటి, 2020లో బోర్డోలో యుద్ధకాలపు జలాంతర్గాముల స్థావరంలో మరొకటి తెరిచింది. క్వారీ, ఫౌండ్రీ, స్థావరం. ఈ కళ ఎంచుకునే ఇళ్లు చూశారా? మనుషులు చెమటోడ్చి వదిలేసిన చోట్లే.

◆ లండన్ టేట్ మోడర్న్ మ్యూజియం కూడా ఒకప్పటి విద్యుత్ కేంద్రం. దాని టర్బైన్ హాల్లో 2003లో ఎలియాసన్ ఒక కృత్రిమ సూర్యుణ్ని వేలాడదీశాడు. నిజానికి అది సగం సూర్యుడే. మిగతా సగం కప్పుకు అమర్చిన అద్దంలోది. ఒకే రంగు కాంతినిచ్చే పసుపు దీపాలు వాడటంతో, ఆ హాల్లో మనుషుల చీరలూ చొక్కాలూ అన్నీ రంగులు కోల్పోయి పసుపు, నలుపు ఛాయలుగా మిగిలాయి. జనం నేల మీద వెల్లకిలా పడుకుని, పైన అద్దంలో చిన్నగా కనిపించే తమను తాము చూసుకున్నారు.

◆ ఇంత దూరం వెళ్లాం కదా, ఇంటికొద్దాం. తోలుబొమ్మలాట ఏమిటి? తెల్లటి తెర, వెనక నూనె దీపం, మధ్యలో వెలుగును దాటనిచ్చేంత పల్చగా గీకిన మేకతోలు. నగలున్న చోటల్లా చిన్న చిన్న రంధ్రాలు పొడుస్తారు. దీపపు వెలుగు ఆ రంధ్రాల్లోంచి నేరుగా వచ్చి హారాలూ కిరీటాలూ మెరుస్తాయి. మనది రంగుల నీడ. ఒడిశా రావణఛాయ బొమ్మల నీడ నలుపే. నూనె దీపం మంట అల్లాడినప్పుడల్లా రావణుడు ఊపిరి పీల్చినట్టుంటుంది. ట్యూబ్‌లైటు పెడితే ఆ ఊపిరి పోతుంది. శ్రీసత్యసాయి జిల్లా నిమ్మలకుంట కళాకారులు ఇప్పటికీ ఈ బొమ్మలు చేస్తున్నారు. ఆ ఊరి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది.

నల్గొండ పక్కన పానగల్లు ఛాయాసోమేశ్వరాలయం చూశారా? కందూరు చోళుల కాలపు త్రికూటాలయం. గర్భగుడిలో లింగం వెనక గోడ మీద ఒక స్తంభపు నీడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా కదలకుండా నిలుస్తుంది. సూర్యుడు తిరిగితే నీడా తిరగాలి కదా? అక్కడ ఎండ నేరుగా లోపలికి పడదు. బయట చెదిరిన వెలుగు స్తంభాల మధ్య దారుల్లోంచి లోపలికొచ్చి ఆ నీడను కడుతుంది. దీపం లేదు, కరెంటు లేదు. రాతిని ఎక్కడ నిలపాలో తెలిసిన శిల్పి ఒక్కడున్నాడు, అంతే.

జపాన్ కళాకారిణి యయోయ్ కుసామా 1965లో న్యూయార్క్‌లో అద్దాల గది కట్టి, అంతులేని ప్రతిబింబాలు చూపించి పేరు తెచ్చుకున్నారు. ఇప్పటికీ ఆమె గదుల ముందు గంటల తరబడి క్యూ ఉంటుంది. తిరుమల ఆలయంలో అద్దాల మండపంలో స్వామిని ఊయలలో ఉంచి డోలోత్సవం చేసినప్పుడు భక్తులు చూసేదీ అలాంటి అనంతమే.

◆ మన గోండుల దండారీ ఆటల్లో గుస్సాడీ నర్తకుల కిరీటం నెమలి పింఛాలది. దీపావళి రోజుల్లో దండేపల్లి మండలం గుడిరేవులో, పద్మల్‌పురి కాకో గుడి దగ్గర గోదావరి ఒడ్డున, ఆ కిరీటాలు ఎండలో తిరుగుతుంటే నీలం పచ్చగా, పచ్చ రాగి రంగుగా మారుతుంది. ఆ పింఛంలో నీలం రంగు సరుకంటూ ఏదీ లేదు. నూరి పొడి చేస్తే మిగిలేది గోధుమ రంగు ధూళి. ఈకలోని అతి సన్నటి మెలనిన్ కడ్డీల వరుసలు వెలుగును ఏరి, నీలాన్ని మాత్రమే తిప్పి పంపుతాయి. టోక్యో గదుల్లో కంప్యూటర్లు వందలాది ప్రొజెక్టర్లను నడిపితే వచ్చే వింత, ఇక్కడ తలపాగాలో ఉంది.

◆ మనం చూసే తెల్లటి ఎల్ఈడీ వెలుగు నీలి ఎల్ఈడీ పుణ్యం. ఎరుపు 1962లోనే వచ్చింది. నీలం కోసం మూడు దశాబ్దాలు ఆగాల్సి వచ్చింది. దాన్ని సాధించిన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో నోబెల్ ఇచ్చారు. లెక్క ఒకటి చూడండి. థర్మల్ కేంద్రంలో ఒక యూనిట్ కరెంటుకు మన దగ్గర సుమారు 700 గ్రాముల బొగ్గు కాలుతుంది. ఆ యూనిట్‌తో పాత 60 వాట్ల బల్బు పదహారు గంటల చిల్లర వెలుగుతుంది. దాదాపు అంతే వెలుతురిచ్చే 10 వాట్ల ఎల్ఈడీ వంద గంటలు వెలుగుతుంది. జైపూర్‌లోని సింగరేణి 1200 మెగావాట్ల కేంద్రం చిమ్నీలను దూరం నుంచి చూసినప్పుడల్లా నాకు ఈ లెక్క గుర్తొస్తుంది.

◆ ఇక చూడటానికి వెళ్లేవాళ్లకు. వెలుగు బొమ్మల గదులకు తెల్ల బట్టలు వేసుకెళ్తే పూలు మీ మీద కూడా పూస్తాయి. టోక్యోలోని టీమ్‌ల్యాబ్ ప్లానెట్స్‌లో ఒక చోట చెప్పులు విడిచి, ప్యాంటు మడిచి, మోకాలి లోతు నీళ్లలో వెలుగు చేపల మధ్య నడవాలి. ఫోను కాసేపు జేబులో పెట్టండి. దాని తెర వెలుగు మీ కంటికే కాదు, పక్కవాళ్ల చీకటికి కూడా చేటు.

జపాన్ దాకా పోలేనివాళ్లకు దగ్గర దారి ఉంది. 2022 డిసెంబరులో ఆర్టీసీ గోదావరిఖని నుంచి 'సింగరేణి దర్శన్' అని బస్సు యాత్ర మొదలుపెట్టింది. భూగర్భ గని, ఓపెన్‌కాస్ట్, రెస్క్యూ స్టేషన్, జైపూర్ కేంద్రం చూపించారు. బస్సు ఎప్పుడుందో డిపోలో అడిగి వెళ్లండి. ఇప్పుడు సింగరేణి బొగ్గులో అత్యధిక భాగం ఓపెన్‌కాస్ట్‌లదే. కొత్తగా చేరే పిల్లలు ఎండలోనే పని చేస్తారు. బాయి చీకటి తెలిసినవాళ్లు ఏటా తగ్గిపోతున్నారు. మూతబడ్డ ఇంక్లైన్‌లలో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి, గట్టిగా భద్రపరిచి, అక్కడ ఒక్క డేవీ దీపం, ఒక గ్యాలరీ నిండా చీకటి ఉంచితే చాలు. దాని ముందు టోక్యో నాకు చిన్నదే అనిపిస్తుంది. ఈ కోరిక నేను దాచుకోను.

◆ చివరగా, ఇంట్లోనే చేసి చూడదగ్గది. చెక్ శాస్త్రవేత్త పుర్‌కిన్యే 1819లో, తెల్లవారే వేళ గమనించింది ఇది. వెలుతురు తగ్గేకొద్దీ కంట్లో రంగులు చూసే కణాలు వెనక్కి తగ్గి, చీకట్లో పని చేసే కణాలు ముందుకొస్తాయి. వాటికి ఎరుపు ఆనదు, నీలం, ఆకుపచ్చ బాగా ఆనుతాయి. సాయంత్రం ఆరున్నరకు మందార చెట్టు ముందు కూర్చోండి. దీపాలు వద్దు. మొదట పువ్వు ఆకుల కన్నా మెరుస్తుంది. పావుగంట గడిచేసరికి పువ్వు నల్లబడుతుంది, ఆకులు ఇంకా తేలిగ్గా కనిపిస్తాయి.

మా పెద్దాయన, నేను వాళ్ల వాకిట్లో కూర్చుని చూశాం. ఆయన పువ్వు మీంచి కళ్లు తిప్పకుండా చెప్పారు. "ఎరుపే మొదలు పోతది. బాయిల సుత గంతే. లైటు సన్నగైతే కట్టిన ఎర్ర గుడ్డనే మొదలు మాయమయ్యేది."